కోకో వెన్నలో వేయించిన గుడ్డు

తమ్ముడి మాట కొట్టిపారేయడం అక్కకు చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ, ఈసారి వాడు పట్టిన పట్టు చూసి ఆవిడకు నిజంగానే ఒళ్లు మండింది. మండదా మరి? పొట్టలో గడ్డ. మనిషి చూస్తే ఎముకల గూడు. సర్జనేమో నలభై అయిదు కిలోలకు వస్తే తప్ప కత్తి పట్టనన్నాడు. ఉన్నది నలభై ఒకటి, గడువు నెల. ఇలాంటప్పుడు దొరికిందల్లా తినాల్సింది పోయి, ఈ మహానుభావుడు పేలియో అంటూ కూర్చున్నాడు. అన్నం వద్దు, రొట్టె వద్దు, పప్పు వద్దు, పాలు వద్దు, పంచదార అసలే వద్దు. ఆదిమానవుడు తిన్నదే తింటాడట.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వాడిది. అక్కడికి అచ్చుకొచ్చిన పేలియో తిండి పుస్తకంలోని అచ్చుతప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దాకే నమ్మాడు. నమ్మాక ఇక కామా కూడా కదలనివ్వడు.

అక్క ఇరవై ఆరేళ్లుగా చాక్లెట్ కార్ఖానాలో పనిచేస్తోంది. కరిగిన చాక్లెట్‌ను పాలరాతి బల్ల మీద పరిచి, రేకుతో అటూ ఇటూ తిప్పుతూ చల్లార్చి, పదును కుదిరిందో లేదో కింది పెదవికి తాకించి చెప్పేస్తుంది. ఊరందరి నోరూ తీపిచేసే ఆ చేతికి సొంత తమ్ముడి నోట్లో పెట్టడానికి ఏమీ లేకుండా పోయింది. చివరికి కార్ఖానాలోనే ఓ దారి దొరికింది. కోకో గింజల్ని గట్టిగా పిండితే వచ్చే కొవ్వులో పాలూ ఉండవు, పంచదారా ఉండదు. ఆ పసుపుపచ్చని ముక్క ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టింది.

"కోకో వెన్న. నీ పుస్తకంలో ఉందేమో చూడు."

వాడు పేజీలు తిప్పి, "ఉందక్కా. తినొచ్చు" అన్నాడు.

"ఆదిమానవుడికి గింజలు పిండే మిషన్ ఎవడు కొనిచ్చాడ్రా?"

"వాళ్లక్క కూడా చాక్లెట్ ఫ్యాక్టరీలో చేసేదేమోలే."

ఆ రోజు నుంచి గుడ్లు, మాంసం, కూరగాయలు, అన్నీ కోకో వెన్నలోనే వేగాయి. చేప కూడా చాక్లెట్ వాసనే. వండే అక్కకే తల తిరిగిపోయేది. వాడు మాత్రం మందు మింగినట్టు మింగేవాడు. ఆదివారం పొద్దున్నే బరువు చూసేవాళ్లు. మొదటి వారం ముల్లు కదల్లేదు. రెండో వారం నలభై రెండు. మూడో వారం నలభై మూడున్నర. నాలుగో ఆదివారం ఏకంగా నలభై ఆరు.

అక్క అక్కడే కూలబడి ఏడ్చేసింది. మర్నాడు కార్ఖానాలో బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ పేలియో గురించి ఒకటే ఉపన్యాసం. నిన్నటిదాకా అడవితిండి అని వెక్కిరించింది ఈవిడే అంటే ఎవరూ నమ్మరు. తమ్ముడు మాత్రం ఆ ఆదివారం అంకెను చాలాసేపు చూసి కాటా దిగాడు.

ఆసుపత్రికి బయల్దేరే రోజు మేజోళ్లు తొడగబోతే పాదాలకు ఎక్కలేదు. అక్క వాడి కాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా అలాగే ఉండిపోయింది.

"ఒళ్లు చేశావురా, అందుకే బిగుతు" అంది పైకి.

"ఊఁ" అన్నాడు వాడు.

సర్జన్ కూడా అక్కడే నొక్కాడు. ఆ తర్వాత పొట్ట చూశాడు, స్కాన్ తీయించాడు.

"ఈ పెరిగిన బరువు కొవ్వు కాదమ్మా, ఒంట్లో చేరిన నీరు. గడ్డ లివర్‌లోకి పాకింది. ఇప్పుడు కోసినా లాభం లేదు."

"ఎన్ని కిలోలుంటే చేస్తారు?" అంది అక్క, విననట్టే.

"ఇక బరువు చూడక్కర్లేదు" అన్నాడాయన మెల్లగా.

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. అక్క చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించి, పెనంలో కోకో వెన్న వేసి రెండు గుడ్లు కొట్టింది. తమ్ముడు వెనకాలే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అదొద్దక్కా. ఇంట్లో చాక్లెట్ ఏమైనా ఉందా?"

"అందులో పాలున్నాయిరా. పంచదార ఉంది. నీ పుస్తకం ఒప్పుకోదు."

"పోనీలే."

"పోనీలే ఏంట్రా? ఇంకో నెల చూద్దాం. నీరు తీయిస్తాను. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఇదిగో, వేగిపోయాయి, ఒక్క ముద్ద తిను. నా మీద ఒట్టు."

ఒట్టు వేసిందని వాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక అవస్థపడి, మెల్లగా పళ్లెం పక్కకు జరిపాడు. అక్కకు ఇక బతిమాలే ఓపిక కూడా లేకపోయింది. అల్మారాలోని డబ్బా తీసి, ఆ వారమే తను చేసిన చాక్లెట్ ఒకటి వాడి చేతిలో పెట్టింది.

వాడు తొందరేమీ లేనట్టు చప్పరించాడు.

"చాలా బాగుందక్కా. ఇంకోటి పెట్టవా?"

వాడు ఇంకోటి అడిగితే చాలని నెల రోజులుగా కాచుకుని ఉన్న అక్క, డబ్బా మొత్తం వాడి ముందుకు తోసి, మొహం కనపడకుండా పొయ్యి వైపు తిరిగి నిలబడింది.