పద్నాలుగో ప్రశ్న

మా సర్వే ఫారంలో పద్నాలుగో ప్రశ్న ఈ ఏడాదే వచ్చింది. "ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు? అప్పటికి గిన్నెలో ఏం మిగులుతుంది?" ఇంటి ఆడమనిషిని పక్కకి పిలిచి, ఒక్కదాన్నే అడగాలి. భోజనాలయ్యాక వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి చూడాలి. చూశాకే రాయాలి.

ఆ ప్రశ్న కోసం పైవాళ్లతో పోట్లాడి సాధించింది మా పర్యవేక్షకురాలు. తప్పు కనిపిస్తే కాగితం నిండా గీతలు గీస్తుంది కాబట్టి ఆవిడకి ఎర్రపెన్ను మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. అంతకుముందు మా పని సులువుగా ఉండేది. ఇంటికి నెలకి ఎంత తిండిగింజలు వస్తున్నాయి, తినేవాళ్లు ఎంతమంది, భాగించు, అయిపోయింది.

"భాగించేది మీరమ్మా, వడ్డించేది ఇంకొకరు," అనేది మేడమ్. "కాగితం మీద అందరి కడుపులూ ఒక్కలాగే ఉంటాయి."

మేం బుద్ధిగా తలలూపి, బయటికొచ్చాక తిట్టుకునేవాళ్లం. ఇంటికి అరగంట అదనం. అత్తగారు వంటింటి గడప వదలదు, కోడలు నోరు విప్పదు, మధ్యలో మా కాళ్లు పడిపోతాయి.

ఆ జవాబుని బట్టే కడుపుతో ఉన్నవాళ్లని పదకొండింటి భోజనానికి పిలుస్తారు. సరుకు ఇంటికి ఇవ్వరు. ఇస్తే అది ఎవరి కంచంలోకి పోతుందో తెలిసిందే. వీధి చివర హాల్లో కూర్చోబెట్టి, అన్నం, పప్పు, గుడ్డు పెట్టి, తిన్నాకే పంపిస్తారు.

నా జాబితాలో నలభై రెండో ఇల్లు మా అక్కది. అప్పటికి తనకి నాలుగో నెల.

ఆ రోజు సాయంత్రానికి నా పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. బస్సులో అదృష్టం కొద్దీ సీటు దొరికింది. అక్క ఇల్లు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకుని, ఒళ్లో ఫారం పెట్టుకుని అక్కడే నింపేశాను. చివర ఎవరు తింటారు? అందరూ కలిసే తింటారు. ఏం మిగులుతుంది? సరిపోను ఉంటుంది.

అబద్ధం రాస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నేను వెళ్లిన ప్రతిసారీ బావ, ఆయన తమ్ముడు, అత్తగారు, అక్క, నేను ఒకేసారి కూర్చునేవాళ్లం. చుట్టం వచ్చిన రోజు ఇంటిని చూసి, రోజూ ఇలాగే ఉంటుందనుకున్నాను. ఊరందరి గిన్నెల మూతలూ తీసే ఉద్యోగం నాది. పక్కనే ఉన్న అక్క కంచంలో ఏముందో ఒక్కనాడూ చూడలేదు. మేడమ్ కూడా ఆ ఫారం మీద ఒక్క ఎర్రగీత పెట్టలేదు. అంత ముచ్చటగా నింపాను.

రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది.

"మా మెట్ల పక్కింటి అమ్మాయిని ఆ పదకొండింటి భోజనానికి పిలిచారే. నన్ను పిలవలేదేంటి?"

"అది తిండి సరిపోనివాళ్లకి అక్కా. నీకెందుకు, మహారాణివి!" అని నవ్వాను.

"ఓహో, అలాగా," అంది. "నీ పన్నునొప్పి తగ్గిందా మరి?"

నేను పన్ను గురించి పది నిమిషాలు చెప్పాను. తను విన్నది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా అక్క ఆ ధీమాతోనే ఉండి ఉంటుంది. రాసేది సొంత చెల్లెలే కదా అనుకుని ఉంటుంది.

ఏడో నెలలో నీళ్ల బిందెతో మూడో అంతస్తు ఎక్కుతూ కళ్లు తిరిగి మెట్ల మీద పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బిడ్డ లేదు. ఆడపిల్ల.

"పడటం వల్ల ఒక్కటే కాదు. ఒంట్లో రక్తం లేదు. చాలా రోజులుగా ఈమె సరిగ్గా తినలేదు," అంది డాక్టరు.

"మా ఇంట్లో తిండికి లోటు లేదు డాక్టరుగారూ," అన్నాడు బావ. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మంచివాడు, ఒకరి నోటి దగ్గరిది లాక్కునే మనిషి కాదు. ఆయన అన్నది ఆయన చూసిన నిజమే. ఆయన కూర్చునేసరికి గిన్నె నిండుగానే ఉంటుంది. గోడకి ఆనుకుని నిలబడి ఆ మాట విన్నాను. బస్సులో నేను రాసిందీ అదే మాట. అక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

అక్క ఇంటికొచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, ఆఫీసు కట్టలోంచి నలభై రెండో ఫారం తీసి, సంచిలో పెట్టుకుని వెళ్లాను. మగవాళ్లు పనికి పోయారు. అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"కాసేపు ముందుగదిలో కూర్చుంటారా అత్తయ్యగారూ? అక్కని ఒకటి అడగాలి."

ఆవిడ ఫారం వైపు చూసి లేచింది. "నేనూ అడుగూ బొడుగూ తినే ముగ్గుర్ని కన్నానమ్మా. నా వంతు అయ్యాకే ముందు బంతికి వచ్చాను," అంది. అందులో కోపం లేదు. వరసలో నిలబడ్డ మనిషి వరస సంగతి చెప్పినట్టే చెప్పింది.

అక్క గిన్నెల దగ్గర కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, అడగకుండానే రాసేశాను. కలిసే తింటారు, సరిపోతుంది అని రాశాను. నీకు పిలుపు రాకపోవడానికి కారణం నేనే."

తను నన్ను తిడుతుందేమోనని చూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"అడిగినా నేనూ అదే చెప్పేదాన్నేమోలే," అంది చివరికి. అది నా మీద జాలితో అన్న మాట. చెప్పాలనే కదా ఆ రోజు ఫోన్ చేసింది.

పెన్ను తీసి ఆ జవాబు కొట్టేయబోతే చెయ్యి పట్టుకుంది. "ఉంచవే. బయటపడితే నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ."

కొట్టేశాను. పక్కన 'అడగకుండా రాశాను' అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత, ముక్కూమొహం తెలియని ఇంట్లో అడిగినట్టు, తల వంచుకుని అడిగాను.

"ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు?"

"నేను."

"ఎప్పటినుంచి?" అది ఫారంలో లేని ప్రశ్న. ఎందుకడిగానో తెలియదు. పెళ్లయినప్పటినుంచి అంటుందనుకున్నాను.

"అమ్మ పోయినప్పటినుంచి," అంది అక్క.

అమ్మ పోయేనాటికి తనకి పదకొండేళ్లు, నాకు ఆరు. ఆ ఇంట్లో తనకన్నా ముందు తిన్నది ఇద్దరమే, నాన్న, నేను. "నాకు ఆకలి లేదులే, నువ్వు తిను," అనేది. నేను తినేదాన్ని.

పెన్ను కదల్లేదు. కన్నీళ్లు ఫారం మీద పడి నా సంతకం అలుక్కుపోయింది. అక్క తన కొంగుతో అద్దింది.

"రాయడం అయిందా? పొద్దున్ననగా బయల్దేరి ఉంటావు. కూర్చో, ఒక ముద్ద తిను," అని అన్నం గిన్నె నా వైపు జరిపింది.

మూత తీశాను. అడుగున నాలుగు మెతుకులు ఉన్నాయి. తను ఇంకా తినలేదు.