ఇంకొక్క చుట్టు

విమానాలకు ఎంత ఇంధనం నింపాలో లెక్కకట్టడం షీబా ఉద్యోగం. ఆ ఉదయం బెంగళూరు నుంచి గన్నవరం వెళ్ళే విమానంలో ఆమె తమ్ముడు జాషువా ఉన్నాడు. వాళ్ళిద్దరినీ పెంచిన పిన్ని ఆనందమ్మకు అవనిగడ్డలో పది గంటలకు భూస్థాపన. షీబాకు సెలవు దొరకలేదు.

పొగమంచు పడుతుందని తెలిసి, అరగంట గాల్లో తిరగడానికి సరిపడా ఇంధనం ఎక్కువ వేయించింది. విమానం ఆ అరగంటా అవనిగడ్డ ఉన్న దివిసీమ మీదే తిరిగింది. మంచు విడలేదు.

“హైదరాబాద్ చేరడానికి కావలసినంతే మిగిలిందండీ. ఏం చేద్దాం?” అని పైలట్ రేడియోలో షీబాను అడిగాడు.

“వెళ్ళిపోండి సార్,” అంది షీబా.

పావుగంటకు గన్నవరంలో ఎండ కాసింది.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి జాషువా ఫోన్ చేశాడు.

“పెట్టె మీద ఊళ్ళోవాళ్ళే మట్టి వేశారంట అక్కా. ఇంకొక్క చుట్టు తిరిగుంటే దిగేవాళ్ళం కదా! వెళ్ళిపొమ్మని ఎవరు చెప్పారో?”

“నేనేరా. మంచు విడకపోతే మీరు దిగడానికి ఇంకో చోటుండేది కాదు.”

జాషువా, “అన్నం తిన్నావా?” అని అడిగి పెట్టేశాడు.

షీబా తినలేదు. పక్క సీటులో అమ్మాయికి చెబుదామనుకుంది. కానీ ఆ ఆఫీసులో ఆనందమ్మ ఎవరో ఎవరికీ తెలియదు.