యోబు ఆపుడు

వీధిలో పెళ్లి ఊరేగింపు వస్తోందంటే చాలు, బాలనర్సయ్య లేచి కిటికీ మూసేస్తాడు. చప్పుడు పడక కాదు. కామారెడ్డిలో ఆయనంత క్లారినెట్ వాయించినవాడు లేడు. ఊరేగింపు మంచి జోరు మీదుండగా బ్యాండంతా టక్కున ఆగుతుంది. ట్రంపెట్ ఒక్కటే సాగదీసి పాడుతుంది. ఆ వెంటనే అందరూ ఒక్కసారి విరుచుకుపడతారు. ఆయన వినలేనిది అది. దాన్ని జనం 'యోబు ఆపుడు' అంటారు.

ఆ ఆపుడు పుట్టిన బ్యాండును ఎల్లారెడ్డిలో పెట్టింది ఇద్దరు, ట్రంపెట్ యోబు, క్లారినెట్ బాలనర్సయ్య. ఎనిమిది మందితో మొదలై పదేళ్లలో ఇరవై నలుగురయ్యారు. బిచ్కుంద నుంచి దోమకొండ దాకా, వీళ్లు దొరికే రోజు చూసుకుని లగ్గాలు పెట్టుకునేవాళ్లు. పెద్ద డోలు మీద ఇద్దరి పేర్లూ రాయించినా, జనం నోట మాత్రం అది యోబు బ్యాండే. పెళ్లివారి శాలువా యోబు భుజాన పడేది. యోబు దాన్ని తీసి "ఇది మా అన్నకు" అని బాలనర్సయ్యకు కప్పేవాడు. అప్పుడు ఒళ్లు ఇంకా మండేది.

డీజేలొచ్చి బ్యాండు చెదిరిపోయింది. నిరుడు యోబు పోయాడు. పోయాక ఆయన పేరు ఇంకా పెరిగింది. కొత్త కుర్రాళ్లు మళ్లీ బ్యాండ్లు కట్టి, పాత వీడియోలు చూసి ఆయనలాగే వాయించసాగారు.

సంవత్సరీకానికి రమ్మని యోబు కూతురు నిరోష ఫోన్ చేసింది.

"నేను పోను," అన్నాడు బాలనర్సయ్య.

"సచ్చినోనితోని పంతమేంది? పోయిరా," అంది భార్య రాములవ్వ.

ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి చర్చి ముందు షామియానా కిటకిటలాడుతోంది. అజయ్ అనే కుర్రాడి బ్యాండు అదే ఆపుడు వాయించింది. జనం ఈలలు వేశారు. బాలనర్సయ్యను వేదిక మీదికి పిలిచి మైకిచ్చారు. నాలుగు మంచి మాటలు చెబుదామనే లేచాడు. నోరు వేరే మాట అంది.

"గా ఆపుడు యోబుది గాదు. నాది."

అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఎవరో ఒకరు లేచి కొట్లాడతారనుకున్నాడు.

నిరోష ముందు వరుసలోంచి నవ్వింది. "ఔ పెద్దబాపు. మా బాపు గూడ గదే చెప్తుండె."

బాలనర్సయ్య మైకు పక్కనపెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు. "ఏం చెప్తుండె?"

ఆమె గొంతు తగ్గించింది. "బిచ్కుంద లగ్గంల నీ క్లారినెట్ మూతికుండే రీడు పుల్ల పలిగి సప్పుడు రాలేదంట గద. నువ్వు ఆగినవని ఎవరికీ తెల్వొద్దని బాపు అందరినీ ఆపిండంట. నువ్వు రీడు మార్చుకునేదాంక ఒక్కడే ఊదిండంట. అన్న ఆగిండు కాబట్టే మేం ఆగినం, గా ఆపుడు మా అన్నదే అంటుండె. రీడు సంగతి మాత్రం బైట చెప్పొద్దన్నడు."

ఇన్నేళ్లూ బాలనర్సయ్య వేరేలా అనుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడే రీడు పలిగితే, అదే అదనుగా యోబు చెయ్యెత్తి బ్యాండును ఆపి, తన పాట లాక్కున్నాడని. ఆ లగ్గం రాత్రి అన్నం కూడా తినలేదు.

మంచితనంలో కూడా వాడే ముందున్నాడా! కడుపులో మంట ఆరలేదు సరికదా, రెండింతలైంది. అయినా మళ్లీ వెళ్లి మైకు తీసుకున్నాడు.

"ఇందాక అబద్ధమాడిన. ఆ దినం నా రీడు పలిగింది. నా ఇజ్జత్ పోవద్దని బ్యాండును ఆపింది యోబు. ఆపుడు ఆయనదే."

చప్పట్లు షామియానా ఎగిరిపోయేలా మోగాయి. "యోబన్న! యోబన్న!" అని కేకలు. బాలనర్సయ్య మెట్లు దిగి నిరోష పక్కన కూలబడ్డాడు.

"చెప్పింది నేనాయె, చప్పట్లు మీ బాపుకాయె," అన్నాడు గుర్రుగా.

నిరోష పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని ఆయన్ను భోజనాల దగ్గరికి తీసుకుపోయింది.