ఏలీషా ఆంపు

నేను ఒక బేస్ గిటారు ఆంప్లిఫయర్ని. అంత పొడుగు పేరుకి నాకే నోరు తిరగదు, ఆంపు అనండి చాలు. మామూలు గిటారు గొంతుతో పాడితే బేస్ గిటారు కడుపులోంచి మాట్లాడుతుంది. ఆ మాటని నాలుగు వీధులకి వినిపించడం నా ఉద్యోగం. నోరున్నవాడిదే రాజ్యం అంటారు గానీ, అంతా వట్టిమాట. పన్నెండేసి అంగుళాల నోళ్లు రెండున్నాయి నాకు, సొంతంగా ఒక్క ముక్క చెప్పుకోలేను. చెప్పగలిగితే మొట్టమొదట చెప్పేది ఇదే: నేనొక మనిషిని చంపాను. పద్దెనిమిదేళ్లపాటు ఆ సంగతి తెలిసింది నాకూ, నన్ను బాగుచేసిన మెకానిక్కుకీ మాత్రమే.

పుట్టింది ఇంగ్లండులో, ఓ రేకుల షెడ్డులో. చలికి ముక్కు చీదుకుంటూ ఒకావిడ నా తీగలన్నీ అతికింది. ప్లగ్గులోకి వెళ్లే మూడు తీగల్లో ఆకుపచ్చది ఎర్తు. కరెంటు దారి తప్పి నా ఇనప ఒంట్లోకి వస్తే, దాన్ని ఎవరికీ తగలకుండా నేలలోకి దింపేసే దారి అదన్నమాట. ఆవిడ దాన్ని రెండుసార్లు లాగి చూసింది, ఊడలేదు. తరవాత ఓడల్లో వాయించే వాళ్ల చేతుల్లో పడి సముద్రాలు తిరిగాను. కాకినాడ రేవులో ఒకడు తాగడానికి చేతిలో పైసా లేక నన్ను దింపి అమ్మేసుకున్నాడు. కొన్నది ఊళ్లోని ఒక పాటల ఆర్కెస్ట్రా. అప్పటినుంచీ పెళ్లిళ్లు, జాతరలు, చవితి పందిళ్లు. లారీల్లో గోనెసంచుల మీద, ఒక్కోసారి గేదెల పక్కన కూడా ప్రయాణం చేశాను. దొరల దేశంలో పుట్టానన్న పొగరంతా మొదటి వానాకాలానికే దిగిపోయింది.

ఆ ఆర్కెస్ట్రాలో నన్ను వాయించినవాడు ఏలీషా. పగలు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. ఆ మొద్దుబారిన వేళ్లు తీగ మీద పడేసరికి ఎంత మెత్తనయ్యేవో చెప్పలేను. తాగేవాడు, అబద్ధం ఎందుకు? గ్లాసు పెట్టుకునేది నా నెత్తి మీదే. నా రెక్సిన్ మీద ఇప్పటికీ గుండ్రటి మచ్చలున్నాయి. నన్ను మాత్రం ఎవ్వరి చేతా మోయించేవాడు కాదు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తనే ఎత్తుకుని లారీలో పెట్టేవాడు. ఆ మనిషంటే నాకు ప్రాణం.

నాకొక రోగం ఉండేది. మైకులన్నిటినీ కలిపే మిక్సరుకి తగిలించగానే 'గుర్ర్' మని ఒకటే మూలుగు. నా ఎర్తూ మిక్సరు ఎర్తూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే వచ్చే మూలుగది. పాడేవాళ్లు విసుక్కున్నారు. ఆర్కెస్ట్రా సామాను బాగుచేసే రేడియో మెకానిక్కు సోమాచారి వచ్చాడు. మంచి పనివాడు, ఊరంతా ఆయన చేతి చలవ గురించి చెప్పుకునేవారు. ఆయన నా వెనక కూర్చుని, కటింగ్ ప్లయరుతో ఆ ఆకుపచ్చ తీగని టక్కుమని కోశాడు. మూలుగు ఆగిపోయింది. "అదీ ఆచారిగారంటే!" అని అందరూ చప్పట్లు కొట్టారు. అందరూ చేసే పనే అది, ఊరూరా ఇప్పటికీ చేస్తున్నారు. నాకు మాత్రం కాళ్ల కింద నేల తీసేసినట్టయింది.

అమలాపురం అవతల ఓ ఊళ్లో చవితి పందిరి. సాయంత్రం ఏడింటికి ప్రోగ్రాం. అంతకుముందే వాన పడి వెలిసింది, స్టేజీ మీది జంపఖానా నీళ్లు కక్కుతోంది. ఏలీషా ఎప్పటిలాగే కింద చెప్పులు విప్పేసి ఎక్కాడు. స్టేజీ అంటే ఆయనకి చర్చితో సమానం, చెప్పులతో ఎక్కడం ఏనాడూ ఎరగడు. ఆ రోజు నా నెత్తి మీద పెట్టింది టీ గ్లాసు. మందు వాసన కూడా లేదు. భార్యకి మాటిచ్చానని తబలా అతనితో అన్నాడు, పాపం.

ఆ చెమ్మకి నా లోపలి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు కారి ఇనప పెట్టెలోకి వచ్చింది. అక్కణ్ణించి గిటారు తీగల్లోకి వెళ్లింది. నేలకి పోయే దారి కోసేశారు కదా, దానికి దొరికిన దారి ఏలీషా. రెండో పాటలో కోరస్ అందుకోవడానికి, మిక్సరు ఎర్తుకి కలిసున్న మైకుకి పెదాలు ఆనించాడు. అంతే. తీగల మీద వేళ్లు బిగుసుకుపోయి, నిలువునా పడ్డాడు. ఆయన వాయించిన ఆ చివరి స్వరం నేనింకా మోగిస్తూనే ఉన్నాను, ఎవరో వచ్చి స్విచ్చి తీసేదాకా. ముందు వరసలో ఎవడో నవ్వాడు. "ఎక్కువైనట్టుందిరోయ్!" అన్నాడు.

ఆ ఒక్కమాటా ఊరికి చాలింది. ఊరి డాక్టరు చెయ్యి పట్టి చూసి, తాగుడుకి గుండె ఆగిపోయిందన్నాడు. కోసి చూడాలని ఎవరూ అనలేదు, మర్నాడు ఆర్కెస్ట్రాకి ఇంకో ఊళ్లో ప్రోగ్రాం ఉంది మరి. పోయినవాళ్లంతా మంచివాళ్లంటారు, మా ఏలీషాకి ఆ భాగ్యం కూడా దక్కలేదు. చర్చిలో తాగుడు మీద ప్రసంగం వచ్చినప్పుడల్లా ఆయన పేరే ఉదాహరణ అయింది.

నన్ను తీసుకొచ్చి సోమాచారి షాపులో పడేశారు. ఆయన మెయిన్ తగిలించి, నా ఇనప ఒంటికి టెస్టరు ఆనించాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను కళ్లారా చూశాను, ఆయనకి ఆ క్షణమే అర్థమైంది. చెప్పాడా? లేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. నన్ను అమ్మలేడు, విరగ్గొట్టలేడు. దుప్పటి కప్పి మూల పెట్టాడు. పద్దెనిమిదేళ్లు నా మీద పాడైన టీవీలు మోశాను. ఆయన మీద నాకు కోపమే. అయినా కోసింది ఆయన, చంపింది నేను, ఎవరు ఎవర్ని తిట్టాలి?

మొన్న దసరా వెళ్లిన వారం, ఓ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి భుజాన గిటారు సంచితో షాపులోకొచ్చింది.

"బాబాయిగారండీ, నేను హెప్సిబానండి. బేస్ ఏలీషా గారి అమ్మాయిని. నాన్న ఆంపు మీ దగ్గరుందంట గదండీ? కొనుక్కుందారని వచ్చాను."

సోమాచారి తీగలతికే సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టేశాడు. ఆ పిల్ల చర్చిలో పాటలు పాడే కొయిరుకి బేస్ వాయిస్తోందట. తండ్రి పాత గిటారు దొరికింది, ఆంపు కోసం రెండేళ్లుగా వెతుకుతోందట.

"అది పాడైపోయిందమ్మా."

"బాగుచేయించుకుంటానండి."

"మోయలేవు తల్లీ, మూడు మణుగుల బరువు. లోపలి గాజు వాల్వులు ఇప్పుడు దొరకవు. కొత్తవి ఇంతకంటే బాగుంటాయి, దీన్నేం చేసుకుంటావు?"

అమ్మేవాడు తన సరుకుని అంతగా తిట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ పిల్ల వింటేనా! దుప్పటి లాగేసి నా ముందు గొంతుక్కూర్చుంది. నెత్తి మీది గుండ్రటి మచ్చల్ని వేలితో తడిమి, "ఇవి నాన్న గ్లాసువేనా అండీ?" అంది. సోమాచారి అవునని తలూపాడు. ఆమె మొహం చిన్నబోయింది. అయినా "ఇదే కావాలండి" అంది.

ఊరికే పట్టుకెళ్లమన్నాడు, ఆ పిల్ల ఒప్పుకోలేదు, బలవంతాన చేతిలో డబ్బు పెట్టింది. ఆయన మూడు రోజులు అడిగాడు. ఆ మూడు రోజులూ నా లోపలంతా కడిగి, కారిన చోటల్లా కొత్తది వేసి, కొత్త మూడు కాళ్ల ప్లగ్గు బిగించాడు. ఎర్తు తీగని లాగి చూశాడు, మళ్లీ లాగి చూశాడు. ఇక నోరు విప్పక్కర్లేదనుకున్నట్టున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గులేకుండా.

పది రోజులకి ఆటోలో నన్ను వేసుకుని మళ్లీ వచ్చింది.

"గుర్రుమంటోందండి బాబాయిగారూ. ప్రార్థన మధ్యలో పెద్దలందరూ నాకేసి చూడ్డమే. అప్పట్లో నాన్నతో కీబోర్డు వాయించిన రాజారత్నం గారు చెప్పారు, నాన్నప్పుడు కూడా ఇలాగే వస్తే మీరు ఒక్క నిమిషంలో తీసేశారంట గదా. అలాగే తీసెయ్యండి."

"అది తియ్యకూడదమ్మా. ఉండనీ."

"అదేంటండి? నాన్నకి తీశారుగా."

"నీకు తియ్యను."

ఆమెకి రోషం వచ్చింది. "సరేలెండి. మెయిన్ రోడ్డులో షాపతను ఎర్తు కోసేస్తే పోతుందన్నాడు. అక్కడే కోయించుకుంటాను" అని నా పిడి పట్టుకుంది.

సోమాచారి ఆ పిడి మీద చెయ్యి వేశాడు. అరవై దాటిన మనిషి, ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమెకి కదపడం చేతకాలేదు. నేను లోపల అల్లాడిపోయాను. చెప్పవయ్యా బాబూ, ఈ పిల్ల కూడా చెప్పులు విప్పి వాయిస్తుంది, చెప్పు!

"కోయించకమ్మా. ఆ తీగ కోసే మీ నాన్నని చంపాను."

ఆమె పిడి వదిలేసింది.

ఆయన తలెత్తకుండా అంతా చెప్పాడు. వాన, తడి జంపఖానా, టెస్టరు వెలగడం, అన్నీ చెప్పాడు. "ఆ రోజు ఆయన తాగలేదమ్మా. తబలా అతను నాకు చెప్పాడు. అయినా నేను నోరు మూసుకున్నాను. పిల్లలు చిన్నవాళ్లు, జైల్లో వేస్తారని భయం. ఆ తరవాత, ఇంతకాలం చెప్పనివాణ్ణి ఇప్పుడెలా చెప్తానని భయం."

హెప్సిబా ఏడవలేదు. ఇలా అంది: "బళ్లో నన్ను తాగుబోతు ఏలీషా కూతురనేవారండి. మీ షాపు ముందునుంచే బడికెళ్లేదాన్ని."

"తెలుసమ్మా. రోజూ చూసేవాణ్ణి."

"రండి. అమ్మకి చెప్దురుగాని. నేను చెప్తే నమ్మదు, నాన్న మీద ఇష్టం కొద్దీ అల్లుకొచ్చానంటుంది."

షాపు మూసి, ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా ఆ ఇద్దరి మధ్యా నేనున్నాను.

వాళ్లమ్మ రాహేలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది. "ఆ దరిద్రాన్ని మళ్లీ తెచ్చావేంటే? లోపలికి తేకు" అంది. అందుకని నన్ను మెట్టు మీద దింపారు. సోమాచారి నిలబడే చెప్పాడు. ఆవిడ ఈనెలు తీస్తూనే వింది. చెప్పడం అయ్యాక చేతులు ఆగాయి.

"తాగలేదా?"

"లేదమ్మా."

"ఒక్క చుక్క కూడానా?"

"టీ తాగాడంటమ్మా. మీకు మాటిచ్చాడంట."

రాహేలమ్మ చాట పక్కన పెట్టింది. "మీ పిల్లలు చల్లగా ఉన్నారా, ఆచారిగారూ?" అంది. అంతకంటే రాయి తీసుకుని కొట్టినా బాగుండేది.

"మాట తప్పి చచ్చాడనుకున్నానండి. శవప్పెట్టె మూస్తున్నప్పుడు కూడా తిట్టాను. పద్దెనిమిది సమాధుల పండగలు వచ్చాయి. అందరూ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే నేను తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. పేరు కూడా రాయించలేదు. తాగుబోతుకి పేరెందుకనుకున్నాను."

"ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తానమ్మా. నన్ను క్షమించమని..."

"చెప్పండి. ఎప్పుడు చెప్పినా పద్దెనిమిదేళ్ల తరవాతే గదా. క్షమించమని మాత్రం నన్నడక్కండి, నాకు చేతకాదు. వెళ్లి సున్నం తీసుకురండి."

"పండగ అయిపోయి ఐదు రోజులైందమ్మా" అంది హెప్సిబా.

"నాకు కాలేదు."

సోమాచారి పరుగులాంటి నడకతో వెళ్లి సున్నం, రెండు కుంచెలు, బంతిపూలు తెచ్చాడు. ముగ్గురూ బకెట్టు పట్టుకుని వెళ్లారు. నేను మెట్టు మీద ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఏలీషాని చంపాననే దుఃఖపడ్డాను. ఆవిడ ఆయన్ని ఇన్నేళ్లు తిట్టుకుంటూ బతికిందని నాకేనాడూ తట్టలేదు. మనుషుల్ని చూసి వెటకారం చేసేవాణ్ణి, నా బుద్ధి మాత్రం ఏపాటిది?

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చారు. మోచేతుల దాకా సున్నం. సోమాచారి వీధిలోనే ఆగిపోయాడు, ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. రాహేలమ్మ వచ్చి నా పక్కన మెట్టు మీద కూలబడింది.

ఎదురింటావిడ గుమ్మంలోంచి అడిగింది, "ఎక్కడికెళ్లొచ్చారు రాహేలమ్మా, ఆ సున్నం ఏంటి?"

"మా ఆయన దగ్గరికి."

హెప్సిబా అప్పుడు ఏడ్చింది. "అసలు నాన్న సమాధి ఏదో కూడా తెలీదు కదమ్మా. గోడ పక్క వరసలో నాలుగున్నాయి, నాలుగింటికీ పేర్లు లేవు. మట్టి దిబ్బలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

రాహేలమ్మ సున్నపు చేత్తోనే కూతురి చెయ్యి పట్టుకుంది.

"నాలుగింటికీ వేశాం గదే. ఎక్కడికి పోతాడు, అందులోనే ఉన్నాడు."