వెనకవరస మాట

గోనెరంగు అంగీ మీద నడికట్టు బిగించుకుంటూనే వెనకవరస బాబాయి పెదవులు కదిలిస్తున్నాడు. ఖదన, తాగాడు. ఖాదిన్, తాగేవాడు. మఖ్దన్, తాగే చోటు, అంటే బావి. మేకప్ గదిలో అద్దం కోసం తోసుకుంటున్నవాళ్లు ఆయనేదో ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని కాస్త జరిగి చోటిచ్చారు.

సినిమా గుంపుల్లో నిలబడి నిలబడి ఆయన జుట్టు నెరిసింది. పెళ్లిలో అతిథి, సంతలో బేరగాడు, కోర్టులో గోడవార కూర్చున్న మనిషి. ఏ వేషం వేసినా ముప్పై ఏళ్లుగా పని ఒకటే, మాట్లాడుతున్నట్టు నోరాడించడం. శబ్దం కూడా కావాలంటే "లబలబ అనండి" అనేవారు. బాబాయి లక్షణంగా లబలబ అనేవాడు. ఉక్రోషం లేక కాదు. నోరున్న వేషం ఆయనకెవరూ ఇవ్వలేదు, అంతే. పొడుగాటి మెడ, పొడుచుకొచ్చిన కంఠం, చేటల్లాంటి చెవులు. కెమెరాకు అడ్డం రాకుండా ఒంగి ఒంగి భుజాలు అలాగే ఉండిపోయాయి.

ఈ సినిమాలో ఓ ఎడారి జాతి ఉంది. ఆ జాతికో భాష తయారు చెయ్యమని ఒక అమ్మాయిని పెట్టారు. అరబ్బీ, హీబ్రూల పద్ధతిలో కట్టానని చెప్పిందామె. మూడు హల్లులు మాటకు ఎముకలట. నడుమ అచ్చులు మారిస్తే చేసిన పని, చేసేవాడు, చేసే చోటు, అన్నీ ఆ మూడింట్లోంచే పుట్టుకొస్తాయట. హీరోకి అంత తీరిక ఎక్కడిది? భోజనాల వేళ ఆమె ముందు బుద్ధిగా కూర్చున్నది బాబాయి ఒక్కడే.

"ఈ భాషలో ఉత్త శబ్దం ఉండదు బాబాయిగారూ. ఏ మూడు హల్లులు పట్టుకున్నా ఏదో ఒక అర్థం పుట్టించొచ్చు" అందామె ఒకరోజు. ఆ మాట ఆయనకు ఎదుట ఉన్న భోజనం కంటే రుచించింది.

తర్వాత నిర్మాత "ఎవడికి అర్థమవుతుంది ఇదంతా?" అని ఆ అమ్మాయిని పంపించేశాడు. పట్టుమని ఏడాదైనా నిండని భాషకు బాబాయి తప్ప దిక్కులేకుండా పోయింది.

ఇంట్లో మాత్రం సాధన ఆగలేదు. భార్య గరిటె పట్టుకుని శత్రుసైనికుడిలా గుమ్మంలో నిలబడేది, ఆయన ఆమె మీద తిరగబడేవాడు. ఆ రోజు పొద్దున షూటింగుకు చెప్పులు వేసుకుంటుంటే ఆమె వెనకే వచ్చింది.

"ఇన్నాళ్లకి మీ నోట్లో ఒక మాట పడింది. దాన్ని మింగేసి ఇంటికి రాకండి."

"పని పోతే?"

"పోతే పోనీండి. ఉండి మాత్రం మనల్ని ఏం ఉద్ధరించిందని?"

సెట్టులో ఇసుక పోశారు, నడుమ అట్టబావి నిలబెట్టారు. రాజు మనుషులు బావిని లాక్కుంటారు, ఊరు తిరగబడాలి. మైకు పట్టుకున్న సహాయ దర్శకుడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "అందరూ గట్టిగా అరవాలి! నోటికొచ్చింది అనండి. డబ్బింగులో చూసుకుందాం."

బాబాయి చెయ్యెత్తాడు. "దీనికి మాటుంది సార్. మఖ్దనా. మా బావి అని."

"ఏదైతే ఏంటి బాబాయ్? లబలబ అను, చాలు."

"లబలబ అనే జాతి కాదు సార్ ఇది."

మెడనిండా పూసలు వేసుకున్న పక్కవరస ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆవిడ్ని అందరూ పూసలక్క అంటారు. యాక్షన్ అనగానే అందరి లబలబల మీంచి బాబాయి గొంతు లేచింది. హీరో ఉలిక్కిపడి తన డైలాగు మర్చిపోయాడు. మళ్లీ తీశారు. మళ్లీ మఖ్దనా. మైకాయనకు చిర్రెత్తుకొచ్చింది.

"ఈయన్ని తీసుకెళ్లి చచ్చినవాళ్లలో పడుకోబెట్టండ్రా! శవానికి మాటలుండవుగా."

ఛాతీకి ఒక అట్టబాణం అతికించి, చుట్టూ ఎర్రరంగు పూసి, బావి పక్కన పడుకోబెట్టారు. ఇసుక వీపంతా గుచ్చుకుంటోంది. బాబాయికి ఒళ్లు మండిపోయింది. ఊరు ఎలాగూ అబద్ధం, బావి అట్టది. ఉన్న ఒక్క నిజమైన మాటనీ నొక్కేస్తారా? బతికినన్నాళ్లూ నోరు ఆడించింది చాలక చచ్చేటప్పుడూ మూసుకోవాలా? రేపటినుంచి పిలుపు రాదని ఆయనకు తెలుసు. భయమూ వేసింది. భయంతో పాటు మొండితనమూ పెరిగింది.

హీరో శవాల మధ్య నడుస్తూ బావి దగ్గర ఆగాడు. సెట్టంతా నిశ్శబ్దం.

"మఖ్దనా" అన్నాడు బాబాయి. అరవలేదు. ఇంట్లో మంచినీళ్లు అడిగినంత మామూలుగా అని, తల పక్కకు వాల్చి చచ్చిపోయాడు. ఆ చావు బ్రహ్మాండంగా కుదిరింది.

"కట్! లే! బయటికి పో! ఇంకెప్పుడూ నీ మొహం నాకు చూపించకు!" అని మైకాయన గద్దించాడు.

బాబాయి లేచి ఇసుక దులుపుకున్నాడు. బాణం పీకి మైకాయన కుర్చీలో పెట్టాడు. "చచ్చేవాడు కూడా ఏదో ఒకటి అంటాడు సార్" అన్నాడు. వెనకనుంచి చుట్టుతిరిగి పోలేదు. కెమెరాకు ఎదురుగా, నిటారుగా, తీరుబడిగా నడిచాడు.

గేటు దాకా వెళ్లేసరికి వెనక ఊరు తిరగబడే షాటుకు మళ్లీ యాక్షన్ అన్నారు. ఎవరూ లబలబ అనలేదు. క్షణమాగి పూసలక్క గొంతు లేచింది. "మిఖ్దనూ!"

అచ్చులు తప్పాయి. సరిదిద్దే మాట బాబాయి నోటిదాకా వచ్చింది. ఈలోగా గుంపంతా అందుకుంది. ఒక్కొక్కరిది ఒక్కో తప్పు, ఎముకలు మాత్రం విరగలేదు. ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెనక్కి చూడకుండా గేటు దాటి ఇంటిదారి పట్టాడు.

కట్ చెప్పీ చెప్పీ గొంతు పోయిన మైకాయన కూలబడదామని కుర్చీ వైపు తిరిగాడు. అందులో అట్టబాణం అడ్డంగా పడి ఉంది, ఎర్రరంగు ఇంకా తడి ఆరలేదు.