పూత మేస్త్రీ వాంగ్మూలం

ఆస్పత్రి మంచం మీద, వీపులో సూది ఉండగానే పూత మేస్త్రీ చెయ్యెత్తి తలుపు వైపు చూపించాడు. కార్మిక శాఖ అధికారి వెళ్ళిపోతున్నాడు.

భార్య పరుగున వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది. "కూర్చోండి సార్. మా ఆయన మాట పూర్తి కాలేదు."

"ఛాతీలోంచి నీరు తీస్తున్నారు కదమ్మా. రేపొస్తాను."

"రేపటికి ఉంటాడని మీరు రాసిస్తారా?"

అధికారి కూర్చున్నాడు.

అతని చేతిలోని కాగితంలో ఫ్యాక్టరీ డాక్టరు ముందే రాసి పంపిన ముక్క ఒకటుంది. రోగ కారణం: పొగతాగడం. అది అలాగే ఉండిపోతే ఫైలు మూసేస్తారు. బాయిలర్ షెడ్డులో మేస్త్రీతో పనిచేసిన మిగతా పదకొండు మందిని ఎవరూ పరీక్షించరు.

"సిగరెట్లు ఎన్నేళ్ళు కాల్చావు?"

"నేనా?" మేస్త్రీ నవ్వబోయి దగ్గాడు. "మా మావగారు వెలిగిస్తే లేచి బయటికి పోయేవాణ్ణి. అల్లుడికి టెక్కెక్కువని ఊరంతా చెప్పుకొచ్చారాయన."

"ఇప్పటికీ ఎక్కువే," అంది భార్య.

ముప్పై రెండేళ్ళు అతను చేసింది ఒకటే పని. బస్తాలోని తెల్లటి పొడిని తొట్టిలో గుమ్మరించి, నీళ్ళు పోసి, మోచేతుల దాకా ముంచి పిసికి, వేడి బయటికి పోకుండా ఆవిరి పైపులకు మెత్తడం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పిండి. అతని చెయ్యి పడితే పైపు కోడిగుడ్డులా నున్నగా తేలేది. షిఫ్టు అయ్యాక అందరినీ వరసగా నిలబెట్టి, కంప్రెసర్ గొట్టంతో బట్టల మీది దుమ్ము ఊదేవాడు. ఆ పద్ధతి అతను పెట్టిందే.

"ఒక్కొక్కణ్ణీ తిప్పి తిప్పి ఊదాను సార్," అన్నాడు. ప్రతి మాటకూ ఆగుతున్నాడు. "శుభ్రమనుకున్నాను. వాళ్ళ ముక్కుల్లోకే కొట్టాను. అదీ రాయండి, దాచొద్దు. కానీ మేనేజరు షెడ్డులోకొస్తే ముక్కుకు మాస్కు ఉండేది. మాకెందుకు లేదో ఆయన్నడగండి."

సూది తీస్తున్న డాక్టరమ్మ తల తిప్పకుండానే అంది. "ఇది ఊపిరితిత్తుల మీది పొరకొచ్చిన క్యాన్సర్. సిగరెట్‌తో వచ్చేది కాదు. ఆ పొడిలోని సన్నటి పోగులు లోపల దూరి, ముప్పై నలభై ఏళ్ళకు ఇలా బయటపడతాయి. నేనూ సంతకం పెడతాను."

అధికారి పాత ముక్క కొట్టేశాడు. వేలిముద్ర కోసం ఇంకుపెట్టె తీశాడు. మేస్త్రీ దాన్ని పక్కకు తోసి కలం అందుకున్నాడు. పూర్తి పేరు, పొల్లు పోకుండా రాశాడు.

"ఇక ఆ పదకొండు మందికీ కబురు పెట్టు," అని భార్యకు చెప్పి దిండు మీదికి ఒరిగాడు.

ఆమె వరండాలో నిలబడి ఫోన్లు చేసింది. పదకొండో ఫోను ముగించి వచ్చేసరికి అతని ఛాతీ కదలడం లేదు. ఒక కాలికి దుప్పటి తొలగి ఉంది. కప్పింది.

సాయంత్రం ఆస్పత్రి ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా మరణ పత్రం నింపుతూ, "శ్వాస ఆడక," అని పైకి చదివాడు.

"ఎందుకాడలేదు?"

"అదంతా మాకెందుకమ్మా?"

"నాక్కావాలి. డాక్టరమ్మ రాసిన చీటీ మీ ముందే ఉంది, చూసి రాయండి." వెనక వరసలోని వాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు. "మా ఆయన్ని చంపింది ఆస్‌బెస్టాస్. అదేమిటో తెలిసీ ఆయనతో పిసికించింది ఫ్యాక్టరీ."