గాజుకాలనీ తాళాలు

నేను ఒక ఇనుప రింగును. చిన్నపిల్ల మణికట్టుకు పట్టేంత ఉంటాను. జనం నన్ను తాళాల గుత్తి అంటారు గానీ, గుత్తి అనేది నాకు వేలాడే తాళంచెవుల పేరు, నాది కాదు. నాకు విడిగా పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. అయినా ఈ కాలనీలో ఒకప్పుడు నాకున్నంత మాట మరెవరికీ లేదు. ఇది గొప్పలు పోవడం కాదు. ఆ మాట వల్ల ఏం జరిగిందో వింటే మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది పట్నం అంచున ఉన్న గాజు ఫ్యాక్టరీలో. అక్కడ సీసాలు తయారయ్యేవి. మరమ్మతుల షెడ్డులో పనికిరాక మిగిలిన చువ్వ ముక్కను నేను. కొలిమి దగ్గర పనిచేసే బుచ్చిలింగానికి అప్పుడే పెళ్లయింది. అన్నం తినే వేళలో కొంత మిగుల్చుకుని నన్ను గుండ్రంగా వంచి, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చేసి, ఆకురాయితో నున్నగా రుద్ది భార్య మణెమ్మకు తెచ్చి ఇచ్చాడు. ఆమె బంగారం ఆశపడిందేమో, కాసేపు నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఇంటి తాళంచెవీ ట్రంకుపెట్టె తాళంచెవీ నాకు ఎక్కించి నడుముకు దోపుకుంది. నా కాపురం అలా మొదలైంది.

ఫ్యాక్టరీవాళ్లు పనివాళ్ల కోసం గోడకు గోడ ఆనించి నాలుగు వరసల ఇళ్లు కట్టారు. అందరూ దాన్ని గాజుకాలనీ అన్నారు. మణెమ్మ వాళ్లది చివరి వరస. అవతల బండలు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ ఉండేవి కావు.

సమ్మె జరిగిన ఏడాది యజమానుల మనుషులు మీటింగుల్లోకి దూరి, చేతులెత్తి తీర్మానాలను తారుమారు చేయసాగారు. అప్పుడు జనంలోంచి ఒకాయన లేచి, "చెయ్యి ఎవడన్న ఎత్తుతడు. ఎవలింటి తాళంచెవి వాళ్లు ఎత్తుండ్రి. కాలనీ మనిషెవడో బయటోడెవడో తెలుస్తది," అన్నాడు. అప్పట్నుంచి అదే పద్ధతి. ఇంటికి ఒక తాళంచెవి, తాళంచెవికి ఒక మాట. ఎత్తిన తాళాలు సగం దాటితే తీర్మానం నెగ్గినట్టు. అందరూ ఒక్కసారి ఎత్తితే మీటింగు హాలంతా గలగలమనేది. ఆ చప్పుడులో నేనూ ఉన్నందుకు పొంగిపోయేదాన్ని. సమ్మె ఓడిపోయింది గానీ పద్ధతి మాత్రం నిలిచింది.

తర్వాత కొన్నేళ్లకు కొలిమి దగ్గర కాగుతున్న గాజు చిట్లి బుచ్చిలింగం రెండు కళ్లూ పోయాయి. కొన్నాళ్లు మంచం దిగలేదు. తర్వాత ఒక కర్ర పట్టుకుని గడప దాటాడు. రోజుకు కాస్త దూరం పెంచుకుంటూ, చివరికి ప్రతి సాయంత్రం నాలుగు వరసలూ తిరిగి, తడుముకోకుండా తన గుమ్మం ముందుకే వచ్చి నిలబడేవాడు. ఆ ఒక్క తిరుగుడు కోసమే రోజంతా బతికేవాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. మణెమ్మ మాత్రం గోడల వైపు చూసేది. "ఈ గోడలున్నన్ని దినాలు నువ్వు గుడ్డోనివి గాదయ్యా," అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకు అర్థమేమిటని ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. ఇళ్లు మాత్రం పనివాళ్ల పేరనే అయ్యాయి. ఈలోగా పట్నం మమ్మల్ని చుట్టుముట్టి, మా నెత్తి మీదుగా ఒక ఫ్లైఓవర్ వేసుకుని, దూరంగా వెళ్లి అద్దాల మేడలు కట్టుకుంది. ఆ అద్దాలు మేం చేసినవి కావు. పనులన్నీ అటే పోయాయి. మా మలుపులోకి బస్సు రావడం మానేసింది. పిల్లలు తక్కువయ్యారని బడి ఎత్తేశారు. బోరు బురదనీళ్లు పోయసాగింది. ఒక్క ఇల్లు అమ్ముకుందామన్నా, గోడకు గోడ కలిసిన ఇంటిని విడిగా కొనేవాడు దొరకలేదు. అందుకని జనం తాళం వేసి వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

పోయేవాళ్లు తాళంచెవి మణెమ్మకు ఇచ్చేవారు. కళ్లు లేని మనిషిని వదిలి ఆమె ఎక్కడికీ పోదని అందరికీ తెలుసు. "అక్కా, అప్పుడప్పుడు తలుపు తీసి గాలి తగలనియ్యి," అని చెప్పి ఆటో ఎక్కేవారు. మణెమ్మ ప్రతి శుక్రవారం ఆ ఇళ్లన్నీ తెరిచి, ఊడ్చి, గడపకు పసుపు రాసి మళ్లీ తాళం వేసేది. మనుషులు తమ ఇంటిని వదిలేసి దాని గాలి గురించి ఎంత బెంగపడతారో నాకు అప్పుడే తెలిసింది. నేను నడుముకు ఆగని బరువయ్యాను. ఆమె నన్ను తలుపు పక్క మేకుకు తగిలించింది. కాలనీ తరుగుతుంటే పెరిగింది నేనొక్కదాన్నే.

అప్పుడు వచ్చింది గొడవ.

టెంట్‌హౌస్ నడిపే రాజమల్లుది రెండో వరస. యూనియన్‌లో తిరిగిన ఇంటివాడు, మాటకారి. అతను ఒక బిల్డరును తీసుకొచ్చాడు. నాలుగు వరసలూ కూలగొట్టి పెద్ద మేడలు కడతారట, ఇంటికో ఫ్లాటు ఇస్తారట. కాలనీ మొత్తం ఇస్తేనే పని, ఒక్క ఇల్లు తగ్గినా బిల్డరు రాడు. "పెరిగితేనే బతుకుతం. మనుషులొస్తే బస్సొస్తది, బడొస్తది. కొన్నేండ్లు బయట కిరాయికుంటే ఏమైతది?" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

మూసేసిన బడిలో సైన్సు చెప్పిన వరదాచారి సారు అడ్డం తిరిగాడు. "ఆ బిల్డరు సగంల వదిలిపెట్టిపోతే ఉన్న గూడు గూడ పోతది. పెరుగుడు ఇగ మన వశం గాదు, ఒప్పుకుందాం. వెనక రెండు వరసలు మూసేసి అందరం ముందు రెండు వరసలకు జరుగుదాం. తాళమేసిన ఇండ్లున్నయి గద. ఉన్న నీళ్లు, ఉన్న దీపాలు మనకు సరిపోతయి. పద్ధతిగ తగ్గుదాం," అన్నాడు.

"సారు మనల్ని పద్ధతిగ సావమంటుండు," అన్నాడు రాజమల్లు.

"నువ్వు ఒక్కసారే సావమంటున్నవు," అన్నాడు సారు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే గొడవ తెగలేదు. ఉన్న ఇళ్లవాళ్లు చెరి సగం చీలారు. మిగిలిన మాటంతా మేకుకు వేలాడుతోంది. వెళ్లిపోయినవాళ్లకు ఫోను చేస్తే, "తాళంచెవి నీ దగ్గరున్నంక మాట గూడ నీదే అక్కా, ఎటు ఎత్తితే అటే," అన్నారు. తమ ఇంటి భారాన్ని ఇంత తేలిగ్గా వేరొకరి చేతికి వదిలేయడం ఈ కాలనీవాళ్లకే చెల్లింది. అది నమ్మకమే, కాదనను. కానీ ఆ నమ్మకం మోయాల్సింది మణెమ్మ.

ఒక పూట రాజమల్లు, ఒక పూట సారు వచ్చి గడపలో కూర్చునేవారు. ఆమె ఇద్దరికీ చాయ్ ఇచ్చింది, మాట ఇవ్వలేదు. ఆమె బాధ నాకు తెలుసు. కూలగొడితే బుచ్చిలింగానికి తెలిసిన గోడ ఒక్కటీ మిగలదు. పోనీ ముందు వరసకు జరుగుదామా అంటే, ఆ ఇళ్లు అటు మొహం పెట్టి కట్టినవి. ఇక్కడ కుడి చేతి వైపున్న వంటిల్లు అక్కడ ఎడమ వైపుంటుంది. ఒక శుక్రవారం ముందు వరస ఇల్లు ఊడ్చడానికి వెళ్తూ ఆయన్ను వెంట తీసుకెళ్లింది. అక్కడ మంచినీళ్ల కుండ ఉందనుకుని వంగి ఆయన గోడకు తల కొట్టుకున్నాడు. ఆ మనిషికి మిగిలిన సాయంకాలపు తిరుగుడు కూడా పోతే ఎలా అన్నదే ఆమె దిగులు. ఆ దిగులును ఆయన ముందు పెట్టలేదు. అడిగితే ఆయన బాధపడతాడని తనే మింగేసింది.

మీటింగు రోజు నన్ను రెండు చేతుల్లో పట్టుకుని హాలుకు వెళ్లింది. ముందు రాజమల్లు మాటకు తాళాలు ఎత్తమన్నారు. ఉన్నవాళ్లలో సగంమంది ఎత్తారు. చూపులన్నీ మణెమ్మ మీదే. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని అరచేత్తో అదిమింది. తర్వాత సారు మాటకు ఎత్తమన్నారు. మిగతా సగం ఎత్తారు. ఆమె చెయ్యి అలాగే ఉంది. అటో ఇటో నన్ను పైకి ఎత్తమ్మా అని మొరపెట్టుకున్నాను. ఏదో ఒకటి అయితే చాలు, ఏదీ కాకపోవడం కంటే. ఇనుము మొర ఎవరు వింటారు?

"అక్కా, ఏదో ఒకటి చెప్పరాదు," అన్నాడు రాజమల్లు.

"రెండు వద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యిండ్రి," అంది మణెమ్మ.

ఆ సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

ఉన్నది ఉన్నట్టు ఉండలేదు. బిల్డరు వేరే చోటు చూసుకున్నాడు. సారు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎండలు ముదిరేసరికి బోరు ఎండిపోయింది. నీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. ముందు వరస, వెనక వరస అని లేకుండా అక్కడొక తలుపు, ఇక్కడొక తలుపు మూతపడుతూ పోయాయి. వీధిదీపాలు ఆరితే వెలిగించమని అడిగేవాళ్లు లేకపోయారు. ఒకరి తర్వాత ఒకరు మణెమ్మ దగ్గరికి వచ్చి తాళంచెవి ఇచ్చి, తల వంచుకుని పోయారు. రాజమల్లు వచ్చినప్పుడు అతని మొహంలో కోపం కూడా లేదు. "మంచిగుండు అక్కా," అన్నాడు. అందరికంటే చివర సారు వచ్చాడు. తాళంచెవిని నాకు తనే ఎక్కించి, "పద్ధతి లేకుండ తగ్గినం మణెమ్మా," అన్నాడు.

కాలనీలో ఇద్దరే మిగిలారు. జనగాంలో ఉన్న ఆమె తమ్ముడు వచ్చెయ్యమని పోరుతున్నాడు. ఆమె వినలేదు. గోడలున్నాయిగా అనుకుంది.

ఒక సాయంత్రం తిరగడానికి వెళ్లిన బుచ్చిలింగం ఎంతసేపటికీ రాలేదు. మణెమ్మ నన్ను మేకు మీంచి లాక్కుని పరుగెత్తింది. రెండో వరసలో ఒక గడప మీద కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తాళాల చప్పుడు విని తలెత్తాడు.

"ఏడున్ననే నేను?" అన్నాడు.

"రాజమల్లు ఇంటి ముంగట. ఏమైందయ్యా నీకు? గోడలన్ని ఏడియాడనే ఉన్నయి గద."

"గోడలెవడు పట్టుకుండే? రాజమల్లు పెండ్లాం కుట్టుమిషను ఇనబడితె రెండో వరస. సారు రేడియో ఇనబడితె మలుపు. పిలగాళ్లు కొట్లాడితె బోరింగు. ఎవలో ఒకలు 'మామా, ఎటు' అనేటోళ్లు. నేను మనుషులను పట్టుకొని నడిచిన. ఇప్పుడు ఒక్కలు పలుకుతలేరు."

మణెమ్మ ఆయన పక్కనే కూలబడింది. ఆయన కోపం లేకుండానే అన్నాడు. "నన్నొక్క మాట అడిగితె చెప్తుంటి గద."

ఆమె ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను. నన్ను గుండెకు అదుముకుని, నా మీది ఒక్కొక్క తాళంచెవినీ తడుముతూ, ఆ ఇంటివాళ్ల పేరు పిలుస్తూ ఏడ్చింది. ఆ పేర్లన్నీ నాకు గుచ్చుకున్నాయి.

తెల్లవారి రెండు మూటలు కట్టింది. మొదట్నుంచీ నా మీదున్న తాళంచెవితో తన ఇంటికీ తాళం వేసింది. పోయేవాళ్లు తాళాలు పక్కింట్లో ఇచ్చి పోవాలి కదా, అలవాటుగా అటూ ఇటూ చూసింది. పక్కిల్లు నా మీదే ఉంది. ఎదురిల్లూ నా మీదే ఉంది.

ఆయన చెయ్యి పట్టుకుని మీటింగు హాలు దాకా నడిచింది. దానికి తలుపులు ఎప్పుడో పోయాయి. లోపలికి వెళ్లి, ఒకప్పుడు తను కూర్చున్న చోట నిలబడి, రెండు చేతులతో నన్ను తలపైకి ఎత్తింది. కాలనీ తాళాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

గుమ్మంలో నిలబడ్డ బుచ్చిలింగం ఉలిక్కిపడ్డాడు. "మీటింగా?" అన్నాడు.

"మీటింగే."

"ఎంతమంది ఎత్తిన్రు?"

"అందరెత్తిన్రు," అంది మణెమ్మ.

ఆయన తల ఊపాడు. "అయితె పోదాం పా," అన్నాడు.

ఆమె నన్ను అక్కడి గోడ మేకుకు తగిలించి వెళ్లిపోయింది. నేనింకా అక్కడే ఉన్నాను. గాజుకాలనీ మాటంతా నా దగ్గరే ఉంది, అడిగేవాళ్లే లేరు.